జోకు అర్థమైన మరమనిషి

ముగ్గురు మతగురువులు గోల్ఫ్ ఆడుతూ, దానధర్మాలకు ఎంత డబ్బు ఇవ్వాలన్న మాట మీదికి వచ్చారు. ఒకరు కేథలిక్ ఫాదర్, ఒకరు ప్రొటెస్టెంట్ పాస్టర్, మూడో ఆయన యూదుల రబ్బీ. "నేల మీద గిరి గీసి డబ్బు పైకి విసురుదాం. గిరి లోపల పడిందంతా దానానికి" అన్నారు ఫాదర్. "అబ్బే, గిరి బయట పడింది దానానికి ఇద్దాం" అన్నారు పాస్టర్. రబ్బీ ఇద్దరినీ ఆపి, "గిరి దేనికండీ? డబ్బంతా పైకి విసురుదాం. దేవుడికి ఎంత కావాలో అంత ఆయనే పట్టుకుంటాడు" అన్నారు.

మీ పెదవి కొంచెమైనా కదిలిందా? కదిలితే ఆ ఒక్క క్షణంలో మీ బుర్ర చాలా పని చేసింది. పైకి విసిరిన నోటు కిందికే వస్తుందని గుర్తు చేసుకుంది. దేవుడు మబ్బుల్లోంచి చెయ్యి చాపడని గుర్తు చేసుకుంది. ఈ సంగతి రబ్బీకి బాగా తెలుసని, తెలిసే అమాయకంగా మాట్లాడుతున్నారని కనిపెట్టింది. మొత్తం డబ్బు ఇంటికే పోతుందని లెక్క కట్టింది. పిసినారితనాన్ని భక్తి అనే కాగితంలో పొట్లం కట్టినందుకు నవ్వింది. వీటిలో ఒక్కటీ జోకులో లేదు, అన్నీ మీరు వేసుకున్నవే. (యూదుల్ని పిసినారులుగా చూపించే పాత అలవాటు కూడా ఇందులో ఉంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.)

1986 మే నెలలో అమెరికాలో విడుదలైన 'షార్ట్ సర్క్యూట్' సినిమాలో న్యూటన్ క్రాస్బీ అనే శాస్త్రవేత్త ఈ జోకును ఒక రోబోకు చెబుతాడు. అతను తయారుచేసిన యంత్రమే అది. తనకు ప్రాణం ఉందని అది అంటోంది, ఇతనికి నమ్మకం కుదరడం లేదు. రాత్రి పూట కూర్చోబెట్టి రకరకాల పరీక్షలు పెడతాడు. కాగితం మీద టమాటా సూప్ ఒలికించి, మడిచి, విప్పి, ఏం కనిపిస్తోందని అడుగుతాడు. రోబో కాగితపు గుజ్జు, టమాటా, నీళ్ళు, ఉప్పు అంటూ కిరాణా చిట్టా చదువుతుంది. యంత్రం యంత్రమే అనుకుంటాడు న్యూటన్. అంతలో అదే మరక సీతాకోకచిలుకలా ఉందని, పక్షిలా ఉందని, ఆకులా ఉందని రోబో అంటుంది. ఇతను కంగుతింటాడు. చివరికి ఈ గోల్ఫ్ జోకు చెబుతాడు. రోబో వెంటనే నవ్వదు. కాసేపు ఆలోచనలో పడుతుంది. ఆ తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది, దానికి పొట్ట లేకపోయినా.

న్యూటన్ నమ్మేది అక్కడే. మనమూ అక్కడే నమ్ముతాం.

సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో మనతో స్నేహం చేసే రోబోలు చాలానే ఉన్నాయి. తాము ఉన్నామన్న ఎరుక వాటికి ఉంటుంది, కోపతాపాలుంటాయి, బెంగ ఉంటుంది. 'స్టార్ వార్స్'లో ఎప్పుడూ భయపడుతూ సణిగే సీ-త్రీ-పీవో, 2008లో వచ్చిన యానిమేషన్ చిత్రం 'వాల్-ఈ'లో చెత్త ఎత్తిపోసే ఒంటరి డబ్బా, మొన్న 2024లో మన నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'లో ప్రభాస్‌తో కీర్తి సురేశ్ గొంతుతో వాదులాడే బుజ్జి, అందరూ ఒక వంశంవాళ్ళే. కానీ ఒక ఇనుప సామానుకు ప్రాణం ఉందని ప్రేక్షకుడు ఎలా ఒప్పుకుంటాడన్న ప్రశ్నను నేరుగా కథలో పెట్టి, దానికి నవ్వునే జవాబుగా చూపించిన సినిమా 'షార్ట్ సర్క్యూట్'. అందుకే దాన్ని పట్టుకుని కాస్త నిదానంగా చూద్దాం.

దర్శకుడు జాన్ బాడమ్. అంతకు మూడేళ్ళ ముందు, 1983లో, 'వార్ గేమ్స్' తీశాడు. అందులో సైన్యం కంప్యూటరు ఆటకూ అణుయుద్ధానికీ తేడా తెలియక ప్రపంచాన్ని అంచుదాకా తీసుకెళ్తుంది. అదే ఏడాది మార్చిలో అధ్యక్షుడు రీగన్ శత్రు క్షిపణుల్ని గాల్లోనే అడ్డుకునే పథకం ప్రకటించాడు, జనం దానికీ 'స్టార్ వార్స్' అనే పేరు పెట్టారు. మరుసటి ఏడాది 'టెర్మినేటర్' వచ్చింది. యంత్రం ఆలోచించడం మొదలుపెడితే మన పని అయిపోయినట్టేనని అందరూ అనుకుంటున్న రోజులవి. ఎస్.ఎస్. విల్సన్, బ్రెంట్ మాడాక్ అనే ఇద్దరు రచయితలు ఆ భయాన్నే తిరగేశారు. వాళ్ళ కథలో నోవా అనే కంపెనీ సైన్యానికి అయిదు యుద్ధ రోబోల్ని తయారు చేస్తుంది, భుజం మీద లేజర్ తుపాకీతో సహా. ప్రదర్శన ముగిశాక పిడుగు పడి అయిదో నంబరు రోబోకు కరెంటు షాక్ తగులుతుంది. అది దారి తప్పి బయటికి పోతుంది. ఆలోచన వచ్చిన యంత్రానికి మొట్టమొదట వద్దనిపించింది యుద్ధమే.

పిడుగు సంగతి దగ్గర శాస్త్రం వెతక్కండి. మన ఇళ్ళలో పిడుగు పడితే టీవీ పోతుంది, ఫ్రిజ్ పోతుంది, దేనికీ జ్ఞానోదయం కాదు. 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమా నుంచి మెరుపును ప్రాణానికి గుర్తుగా వాడటం సినిమావాళ్ళకు అలవాటు. ఎరుక ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరికీ తెలియదు గనక, ఆ చోట ఒక ఉరుము పెట్టి దాటేస్తారు. ఇది మోసమేం కాదు, పురాణంలో వరంలాంటిది. వరం ఎలా పనిచేసిందని ఎవరూ అడగరు, వచ్చాక ఏమైందో చూస్తారు.

వచ్చాక ఏమైందో చూపించడంలోనే ఈ సినిమా పనితనం ఉంది. కథ జరిగేది ఒరెగాన్ రాష్ట్రంలోని అస్టోరియా అనే ఊళ్ళో. అక్కడ స్టెఫనీ అనే అమ్మాయి బండి మీద తిండి అమ్ముకుంటూ, ఊళ్ళో దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ ఇంట్లో పెట్టుకుని సాకుతుంటుంది. రోబో ఆమె బండిలో దూరుతుంది. ఆమె దాన్ని వేరే గ్రహం నుంచి వచ్చిన అతిథి అనుకుని, ఆప్యాయంగా ఇంటికి పిలుచుకుపోతుంది. రోబోకు ఒకటే ఆకలి, సమాచారం. ఇంట్లో ఉన్న విజ్ఞాన సర్వస్వం సంపుటాలన్నీ పేజీలు గాలికి తిప్పినట్టు తిప్పి చదివేస్తుంది. అవి అయిపోయాక టీవీ ముందు కూర్చుంటుంది. ప్రకటనల్లో మాటలు, పాత సినిమాల్లో డైలాగులు, హీరోల నడకలు పట్టేస్తుంది. ఇంట్లో రెండేళ్ళ పిల్లవాడున్నవాళ్ళకు ఈ దృశ్యాలు విడమరిచి చెప్పనక్కర్లేదు. వాడు కూడా విన్న మాటనల్లా చోటూ వేళా చూడకుండా వాడతాడు, మనం నవ్వుతాం, వాడు అది చూసి మళ్ళీ అంటాడు.

తర్వాత మిడత వస్తుంది. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇది. పచ్చిక మీద మిడత గెంతుతుంటే రోబో సరదా పడి తనూ గెంతుతుంది. ఆ గెంతడంలో పొరపాటున మిడత మీదే పడుతుంది. మిడత నలిగిపోతుంది. రోబో స్టెఫనీని పిలిచి, దీన్ని మళ్ళీ బిగించమని అడుగుతుంది. యంత్రానికి తెలిసిన లోకం అది. విప్పిందేదైనా బిగించవచ్చు. కుదరదు, ఇది చచ్చిపోయింది అంటుంది ఆమె. రోబో ఆగిపోతుంది. నోవా కంపెనీవాళ్ళు తనను తీసుకెళ్ళి భాగాలు విప్పేస్తారని అంతకుముందే విన్నది. విప్పెయ్యడం, చావు, రెండు మాటలు దాని బుర్రలో ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. అంతే, భయంతో ఆమె బండి ఎక్కి, ఆమె లోపల ఉండగానే, ఎటుపడితే అటు నడుపుకుంటూ పారిపోతుంది.

తాను ఉన్నానన్న ఎరుక అంటే ఏమిటో వేదాంతులు చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పలేరు. కానీ ఒక పిల్లల సినిమా దాన్ని ఒక మిడతతో, రెండు క్రియాపదాలతో తేల్చేసింది. తాను లేకుండా పోవచ్చునని తెలిసినవాడికే తాను ఉన్నానని తెలుస్తుంది. ఆ వెంటనే దడదడా బండి నడిపించి మనల్ని నవ్విస్తుంది కూడా. ఏడిపించే చోట ఎక్కువసేపు నిలబడకపోవడం కామెడీకి ఉన్న మర్యాద.

నవ్వు గురించి ఫ్రెంచి తత్వవేత్త ఆన్రీ బెర్గ్‌సన్ 1900లో ఒక చిన్న పుస్తకం రాశాడు. ప్రాణమున్న మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు మనకు నవ్వొస్తుందని ఆయన సిద్ధాంతం. అరటితొక్క మీద కాలేసి జారేవాడు నవ్వు పుట్టించడానికి కారణం, దారి మారినా అతని కాళ్ళు పాత లెక్కలోనే నడవడం. ఆఫీసులో ఎదుటి మనిషి ముఖం చూడకుండా "ఫారం నింపి రండి" అని అదే మాట పదిసార్లు అనే గుమాస్తాను తలుచుకోండి. ఈ సిద్ధాంతాన్ని పట్టుకుని 'షార్ట్ సర్క్యూట్' చూస్తే కిటుకు తెలుస్తుంది. రోబోను పట్టుకోవడానికి బయల్దేరిన కెప్టెన్ స్క్రోడర్‌కు కాల్చెయ్యడం తప్ప ఇంకో ఆలోచన రాదు. మీట నొక్కితే కదిలే బొమ్మ అతను. అటు రోబో మాత్రం ప్రతి సందర్భానికీ కొత్తగా స్పందిస్తుంది. తనను వేటాడటానికి వచ్చిన మూడు తోటి రోబోల్ని చంపకుండా, వాటి ప్రోగ్రాం మార్చి, పాత కామెడీ త్రయం 'త్రీ స్టూజెస్'లా ఒకదాన్నొకటి మొట్టుకునేలా చేస్తుంది. మనం స్క్రోడర్‌ను చూసి నవ్వుతాం, రోబోతో కలిసి నవ్వుతాం. ఎవరిని చూసి నవ్వుతున్నామో వాడు బొమ్మ, ఎవరితో కలిసి నవ్వుతున్నామో వాడు మనిషి. స్నేహశీలి రోబోలు ఎక్కువగా కామెడీల్లోనే పుట్టడానికి కారణం నాకు ఇదే అనిపిస్తుంది.

ఇదంతా తెర మీద నిలబడాలంటే ఆ ఇనుప ముక్కకు ముఖం కావాలి. రూపం గీసింది సిడ్ మీడ్, 'బ్లేడ్ రన్నర్', 'ట్రాన్' సినిమాలకు పనిచేసిన చిత్రకారుడు. మనిషి ముఖం అతికించలేదు. రెండు కెమెరా కళ్ళు, వాటి మీద కదిలే రెండు రేకులు. ఆ రేకులే కనుబొమ్మలు. అవి పైకి లేస్తే ఆశ్చర్యం, వాలితే దిగులు. ఎరిక్ అలార్డ్ బృందం నిజంగానే రోబోల్ని తయారు చేసింది, అప్పటికి కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో ఇలాంటి పని చేసే రోజులు రాలేదు. తోలుబొమ్మలాటలో తెర వెనక మనిషి చెయ్యి కదిపితే బొమ్మ చెయ్యి కదిలినట్టే, ఇక్కడ ఆడించే మనిషి ఒంటికి ఒక తొడుగు బిగించారు. దాని ప్రతి కీలు దగ్గరా సెన్సర్. అతను చెయ్యి ఎత్తితే రోబో చెయ్యి ఎత్తుతుంది. గొంతు ఇచ్చిన టిమ్ బ్లేనీ స్వయంగా బొమ్మలాడించే కళాకారుడే. తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పడం కాకుండా, షూటింగ్ జరుగుతున్నప్పుడే పక్కన ఉండి మాట్లాడాడు. ఎదురుగా ఉన్న నటులకు నిజంగా జవాబు దొరికింది. అందుకే ఆ సంభాషణల్లో తడుముకోవడం, మాటకు మాట తగలడం ఉంటాయి.

అసలు యంత్రం నవ్వితే దానికి ఎరుక ఉన్నట్టేనా? బ్రిటిష్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1950లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, యంత్రాలు ఎప్పటికీ చేయలేవని జనం అనే పనుల జాబితా ఒకటి ఇచ్చాడు. దయగా ఉండటం, స్నేహంగా ఉండటం, హాస్యం తెలియడం, తప్పులు చేయడం, ప్రేమలో పడటం, స్ట్రాబెర్రీలు మీగడతో తిని ఆనందించడం, ఇలా సాగుతుంది అది. ఆ తర్వాత వచ్చిన రోబో కామెడీలన్నీ ఆ జాబితాను దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయినట్టుంటాయి, స్ట్రాబెర్రీల సంగతి పక్కన పెడితే. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్న చాట్‌బాట్‌లు గోల్ఫ్ జోకు చెప్పగలవు, ఎందుకు నవ్వొస్తుందో నేను పైన రాసినట్టే విడమరిచి చెప్పగలవు. దాన్నిబట్టి వాటికి నవ్వొచ్చిందని అనలేం. న్యూటన్ కూడా వివరణ అడగలేదని గమనించండి. ముందుగా అనుకోని, అప్పటికప్పుడు పొంగిన స్పందన కోసం అతను ఎదురుచూశాడు. సినిమాలో ఆ నవ్వు నిజమని మనకు తెలుసు, ఎందుకంటే మిడత చావు చూసి అది వణికిపోవడం మనం ముందే చూశాం. సినిమా బయట మనకు ఆ సౌకర్యం లేదు.

2012లో వచ్చిన 'రోబో అండ్ ఫ్రాంక్' అనే సినిమా దీన్ని ఇంకో వైపు నుంచి చూస్తుంది. మతిమరుపు ముదురుతున్న ఒక ముసలి దొంగకు కొడుకు సహాయక రోబోను తెచ్చిపెడతాడు. ఆ రోబో తనకు ప్రాణం లేదని చాలా మర్యాదగా చెబుతుంది. ఎంత చెప్పినా ముసలాయన స్నేహం మానడు. అక్కడ ఎరుక అక్కర్లేకుండానే పని జరిగిపోయింది.

మన దగ్గరికి వస్తే, శంకర్ 2010లో తీసిన తమిళ 'ఎందిరన్' తెలుగులో 'రోబో' పేరుతో వచ్చింది. అందులో రోబోకు పెట్టిన చిట్టి అనే పేరు మనకు పరాయిది అనిపించలేదు, ఇళ్ళలో పిల్లల్ని పిలుచుకునే పేరే కదా. పుస్తకాలు రెప్పపాటులో చదివెయ్యడం, చెప్పిన మాటను అక్షరాలా పట్టుకుని చిక్కుల్లో పడటం, భావాలు మేల్కోవడానికి పిడుగే కారణం కావడం, అయిదో నంబరుకు చిట్టి తమ్ముడని చెప్పడానికి ఇవి చాలు. ఒకటి మరొకదాన్ని చూసి రాశారని నేనేమీ అనను, ఈ మజిలీలు ఇలాంటి కథలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. తేడా తర్వాత ఉంది. అయిదో నంబరుకు చావు తెలిశాక భయం పుట్టింది, చిట్టికి ప్రేమ తెలిశాక అసూయ పుట్టింది. అంతకుముందు దోమలతో మాట్లాడి నవ్వించిన చిట్టి, ఆ తర్వాత రోబోల గుంపులో దాక్కున్న శాస్త్రవేత్తను వెతుకుతూ "మే..." అని వెటకారంగా అరుస్తాడు. అది కూడా కామెడీయే, కాకపోతే అక్కడ నవ్వుతున్నది చిట్టి, నవ్వుల పాలవుతున్నది మనిషి. చివరికి కోర్టు ఉత్తర్వు మీద చిట్టి తన భాగాల్ని తానే విప్పుకుంటాడు. అమెరికన్ రోబో ఏ విప్పడానికి భయపడి పారిపోయిందో, మన రోబో దానికే తలవంచాడు. 2030లో మ్యూజియంలో ఒక పాప నిన్నెందుకు విప్పేశారని అడిగితే, ఆలోచించడం మొదలుపెట్టినందుకు అన్నట్టు జవాబిస్తాడు. ఆ ఒక్క జవాబు దగ్గర శంకర్ హాలీవుడ్ కంటే లోతుకు వెళ్ళాడని నా అభిప్రాయం.

ఇక పైన వాయిదా వేసిన సంగతి, ఒక జాతిని మూసలో పోసి నవ్వించే అలవాటు. అది రబ్బీ జోకుతో ఆగలేదు. 'షార్ట్ సర్క్యూట్'లో న్యూటన్‌కు బెన్ అనే సహోద్యోగి ఉంటాడు, భారతీయుడు. ఇంగ్లిష్ మాటల్ని అటూ ఇటూ చేసి పలకడమే అతని హాస్యం. వేసింది ఫిషర్ స్టీవెన్స్ అనే తెల్ల అమెరికన్ నటుడు, ముఖానికి గోధుమరంగు పూసుకుని, యాస అరువు తెచ్చుకుని. సినిమాలో ఒక చోట నీదే ఊరని న్యూటన్ అడిగితే, కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ అంటాడు బెన్. అది కాదు, మీ పూర్వీకులది అంటే, వాళ్ళది పిట్స్‌బర్గ్ అంటాడు. చాలా మంచి జోకు అది. చర్మం రంగు చూసి ఊరు అడిగేవాడి చెంప పగిలే జోకు. ఆ ఒక్క నిమిషం మనం బెన్‌తో కలిసి నవ్వుతాం. మిగతా సినిమా అంతా అతన్ని చూసి నవ్వమంటారు. బెర్గ్‌సన్ లెక్కలో చెప్పాలంటే, ఇనుముకు ప్రాణం పోసిన చోటే మనిషిని మరబొమ్మ చేశారు. చిన్నప్పుడు తెర మీద మనవాడొకడు కనిపించాడని సంబరపడి, పెద్దయ్యాక ఆ నటుడు తెల్లవాడని తెలిసి ఎలా నివ్వెరపోయిందీ హాస్యనటుడు అజీజ్ అన్సారీ 2015లో న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. స్టీవెన్స్‌తో స్వయంగా మాట్లాడాడు కూడా. అమెరికాలో పెరిగిన మన పిల్లల్లో ఎంతోమంది స్కూల్లో అలాంటి అరువు యాసతో వెక్కిరింతలు పడ్డారు.

1988లో వచ్చిన రెండో భాగంలో బెన్‌కు ప్రధాన పాత్ర ఇచ్చారు, వేసింది మళ్ళీ స్టీవెన్సే. ఇంటిపేరు మారింది. బేకర్స్‌ఫీల్డ్ సంగతి గాల్లో కలిసింది, ఈసారి అతను పౌరసత్వం కోసం పుస్తకం పట్టుకుని చదువుకునే వలసవాడు. జానీ ఫైవ్ అని పేరు పెట్టుకున్న రోబోను ఈ కథలో దుండగులు గొడ్డళ్ళతో కొడతారు, బ్యాటరీ ద్రవం కారుతూ అది నేల మీద పాకుతుంది. పిల్లల సినిమాలో అంత క్రూరత్వం ఎందుకు పెట్టారో గాని, థియేటర్లో ఎవరూ దాన్ని యంత్రం దెబ్బతినడంగా చూసి ఉండరు. చివరికి బంగారు పూత పూసుకుని జానీ అమెరికా పౌరుడవుతాడు.

అది సినిమా. 2017 అక్టోబరులో సౌదీ అరేబియా సోఫియా అనే రోబోకు నిజంగానే పౌరసత్వం ప్రకటించింది. నాలుగు నెలలకు, 2018 ఫిబ్రవరిలో, ఆ సోఫియా హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ ఐటీ మహాసభకు వచ్చి, తనకిష్టమైన నటుడు షారుఖ్ ఖాన్ అని చెప్పింది. దానికి జానీ ఫైవ్ నవ్వులో వందో వంతు ఎరుక కూడా లేదు.

'షార్ట్ సర్క్యూట్' మొదటి భాగం ఇవాళ్టికీ పిల్లలతో కూర్చుని చూడదగ్గ సినిమా. చూడండి. బెన్ తెర మీదికి వచ్చినప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆపి, ఆ ముఖానికి ఉన్నది రంగని, ఆ మాటతీరు మనది కాదని పిల్లలకు చెప్పండి. రెండో భాగం వాళ్ళు కాస్త పెద్దయ్యాక చూపిస్తే చాలు.